మూడు మీద చెప్పిన మాట

ఇంటి తాళాల గుత్తితో పాటు నా సంచిలో ఒక చిన్న రిమోట్ ఉంటుంది. చూసినవాళ్లు టీవీదనుకుంటారు. అది మా ఆయనది. ఆయన మెదడులో రెండు వైపులా సన్నని తీగలున్నాయి. అవి మెడ చర్మం కిందుగా దిగి, ఎద పైభాగంలో చర్మం కింద పెట్టిన బ్యాటరీని చేరతాయి. రిమోట్ నొక్కితే ఆ తీగల్లో కరెంటు పెరుగుతుంది, తగ్గుతుంది. నా మొగుడి తలలోకి పోయే కరెంటు నా సంచిలో ఉందన్నమాట. ఆ పెత్తనం నేను అడగలేదు. ఇచ్చాక మాత్రం వాడాను.

ఆయన బోర్డులు రాసే పెయింటరు. నాందేడ్ పాత బజారులో మరాఠీ, తెలుగు, ఉర్దూ, పంజాబీ, నాలుగు లిపుల్లోనూ తడుముకోకుండా రాసేవాడు. ఫ్లెక్సులు వచ్చి సగం పని పోయినా, గోడ మీద రాత కావాలనేవాళ్లు ఆయన దగ్గరికే వచ్చేవారు. అక్షరానికి తోకలు, తీగలు, నీడలు పెడితే ఆయనకు ఒళ్లు మంట. "అక్షరం నిలబడాలె, ఆడొద్దు" అనేవాడు. మాటల్లోనూ అంతే పొదుపు. ముప్పై ఏళ్ల కాపురంలో కూర బాగుందని కూడా అనలేదు. నేను మరాఠీ బడిలో టీచర్ని. రోజంతా పిల్లల్ని భేష్ భేష్ అని మెచ్చుకుని ఇంటికొస్తే, నన్ను మెచ్చుకునే దిక్కు లేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒక్క మంచి మాట కోసం ముప్పై ఏళ్లు కాచుకుని కూర్చున్నాను.

తర్వాత ఆయనకు వణుకుడు జబ్బు వచ్చింది. మందులు కొన్నేళ్లు పనిచేసి మానేశాయి. హైదరాబాదు డాక్టర్లు తలలో తీగలు వేద్దామన్నారు. ఆ ఆపరేషన్ మనిషి మెలకువగా ఉండగానే చేస్తారు, ఎక్కడ కరెంటు పెడితే వణుకు ఆగుతుందో తెలియాలి కదా. పుర్రెకు రంధ్రం చేశాక చేతికి పెన్ను ఇచ్చి, సున్నా చుట్టూ సున్నా చుట్టుకుంటూ పొమ్మన్నారట. తర్వాత ఆ కాగితం నాకిచ్చారు. పైన, కరెంటు పెట్టకముందు గీసింది కోడి కెలికినట్టుంది. కింద గీసింది నున్నగా, అచ్చం ఆయన పాత చెయ్యి. ఆ కాగితం పట్టుకుని ఆస్పత్రి వరండాలో వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ తీగలు కనిపెట్టినవాళ్ల కాళ్లకు మొక్కాలనిపించింది.

డాక్టరు కరెంటును రెండున్నర మీద పెట్టి పంపాడు. రిమోట్ నాకిస్తూ, "అవసరమైతే మూడు దాకా పెంచుకోవచ్చమ్మా, కాని ముందు మాకు ఫోన్ చెయ్యండి" అన్నాడు. రెండున్నర మీద చెయ్యి నిలబడింది. మనిషే లేవలేదు. బ్రష్షులు ముందేసుకుని వాటినే చూస్తూ కూర్చునేవాడు. ఒకరోజు టీ తాగుతూ, "చెయ్యి అచ్చింది గని రాయబుద్ధి అయితలేదు. గిట్ల బతికి ఏం జెయ్యాలె" అన్నాడు. మర్నాడు ఆయన పేపరు చదువుతుంటే పక్కన కూర్చుని, కొంగుచాటున మూడుకు పెంచాను. డాక్టరుకు ఫోన్ చేయలేదు. ఆయనకూ చెప్పలేదు. ఆయన మంచికే కదా అనుకున్నాను.

మూడో రోజుకల్లా వేరే మనిషి. కూరగాయలామెతో మరాఠీలో పరాచికాలు, ఆటోవాడితో దక్నీ ఉర్దూలో జోకులు. మెడికల్ సీటు కోసం పిల్లల్ని తయారుచేసే క్లాసుల యజమాని ఒకాయన గోడ రాయమంటే ఒక్క పూటలో రాసేశాడు. నేను అన్నం డబ్బా తీసుకెళ్లాను. యజమాని మా ఆయన తల మీది కుట్ల గుర్తులే చూస్తూ, "టీచర్, పిల్లలకు గూడ గిసోంటిది పెడితే చదివింది మరువరు గదా. వచ్చిందంటే మొదలు నా బిడ్డకే పెట్టిస్త" అన్నాడు.

"అస్తది సార్, అన్ని అస్తయి" అన్నాను, నేనే కనిపెట్టినంత గొప్పగా.

తిరిగి వస్తుంటే గోదావరి వంతెన మీద, ఆటోలో, ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు లేకుంటే నేను ఏడనో పడి సచ్చేటోన్ని. గింత మంచిదానివని నీకు ఒక్కనాడన్న చెప్పిన్నా?" అన్నాడు. కొంగుతో ముఖం కప్పుకున్నాను. అంత సంతోషం నా పెళ్లినాడు కూడా లేదు.

మర్నాడు అక్కడే మరిచిపోయిన డబ్బా కోసం వెళ్లి, ఎండలో ఆ గోడను చూశాను. ముందురోజు మనిషిని చూసి మురిశాను గాని గోడను చూడలేదు. ప్రతి అక్షరానికీ తీగలు, తీగలకు పూలు, కింద బంగారు రంగు నీడ. మూలన ఎవరూ అడగని నెమలి. గీత ఎక్కడా వణకలేదు. అయినా అది ఆయన రాత కాదు. నెమలి ఆయనది కాకపోతే ఆటోలో మాట ఎవరిది? డబ్బా తీసుకోకుండానే ఇంటికి వచ్చేశాను.

"నాలుగు దినాల కింద నేనే పెంచిన. మూడు మీదున్నది" అని చెప్పేశాను. ఆయన రిమోట్ తీసుకుని రెండున్నరకు దించుకున్నాడు. రెండు రోజులాగి వెళ్లి, గోడకు సున్నం కొట్టి, సాదాగా మళ్లీ రాసి వచ్చాడు. నాతో అన్న మాట సంగతి మాత్రం ఎత్తలేదు.

అప్పటినుంచి ఏం మాట్లాడబోయినా ముందు "ఎంత మీదున్నది?" అని అడుగుతాడు. "రెండున్నర" అంటాను. నమ్మడు, తీసి చూసుకుంటాడు. నాకు ఆ యజమాని బిడ్డ గుర్తొస్తుంది. రేపు ఆ పిల్ల తలలో అలాంటిది పెడితే రిమోట్ తండ్రి జేబులోనే ఉంటుంది. పరీక్ష ముందు ఆయన పెంచకుండా ఉంటాడా? నేనున్నానా? తనకొచ్చిన నవ్వు తనదో కాదో ఆ పిల్ల ఎవరిని అడుగుతుంది? పగవాళ్ల చేతికైతే ఎవరూ ఇవ్వరు, ప్రేమించేవాళ్ల చేతికే ఇస్తారు. నా భయమంతా అదే.

మొన్న ఒక ఉదయం టీ తెచ్చేసరికి నన్ను ఎదురుగా కూర్చోమన్నాడు. రిమోట్ తీసుకుని కరెంటు మొత్తం ఆపేశాడు. "ఇగ నడుమ ఎవ్వలు లేరు. నేనే ఉన్న. జర ఆగు, చెప్త" అన్నాడు. ఆగాను. కాసేపటికి చెయ్యి మొదలైంది, తర్వాత గడ్డం. ముఖం బిగుసుకుపోయింది. పెదవులు కదిలాయి, గొంతు రాలేదు. దగ్గరికి జరిగి నోటికి చెవి ఆనించాను. ఊపిరి తప్ప ఏమీ వినబడలేదు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మాట రానందుకో, చెప్పడానికి మాటే లేనందుకో నాకు తెలియలేదు. ఇక ఎప్పటికీ తెలియదు.

చూడలేక నేనే రెండున్నర మీద పెట్టాను. చెయ్యి నెమ్మదించింది. ఏం చెప్పబోయాడో అడిగే ధైర్యం నాకు లేదు. గొంతు వచ్చాక ఆయన అన్న మొదటి మాట, "ఎంత మీదున్నది?"

"రెండున్నర" అన్నాను.

తల ఊపి, చల్లారిన టీ తాగేశాడు.