రెండు సీట్ల కారు, మూడు పెడళ్ళు

నలభై ఎనిమిదేళ్ళ వయసులో నాకు స్పోర్ట్స్ కారు పిచ్చి పట్టింది. చిత్తూరులో మోటారు సైకిళ్ళ స్పేర్ పార్టులు అమ్ముకునేవాడికి, చక్కెర మాత్ర వేసుకోందే ఇడ్లీ ముట్టనివాడికి, టాపు తెరుచుకునే రెండు సీట్ల కారు ఎందుకని ఎవరైనా అడగొచ్చు. అడిగారు కూడా. "ఏమప్పా, బియ్యం మూట యాడ పెడతావు దాంట్లో? ఇంటామె ఒళ్ళోనా?" అని పక్క షాపాయన రోజూ నన్ను పీక్కుతినేవాడు. పిల్లలిద్దరూ హాస్టళ్ళలో ఉన్నారు, ఇంట్లో మిగిలింది మేమిద్దరమే, ఇద్దరికి రెండు సీట్లు చాలవా అని నేను ఎదురు వాదించేవాణ్ణి. ఇద్దరికీ అని నోటితో అంటున్నానే గానీ, మనసులో మాత్రం స్టీరింగు ముందు ఒక్క నన్నే చూసుకుంటున్నాను.

నా భార్య ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచరు. కారు మాట ఎత్తగానే గొడవ పెట్టుకుంటుందనుకున్నాను. పెట్టుకోలేదు.

"కొనండి. ఇన్నేండ్లు ఆ షాపులో నిలబడినారు, మీకు మాత్రం సరదా ఉండదా? అయితే ఒకటే మాట. ఆటోమేటిక్ కొనండి. నేను కూడా తోలతాను" అంది.

అంతకు ముందు ఏడాది ఆమె ఏదో ట్రైనింగు కోసం తిరుపతికి పోయినప్పుడు, తోటి టీచరు తన ఆటోమేటిక్ కారును ఆమె చేతికిచ్చింది. పోను రాను తానే నడిపానని ఆ సాయంత్రం కాఫీ కలుపుతూ చెప్పింది. పాకాల దగ్గర రెండు లారీలను దాటానని కూడా చెప్పింది. "క్లచ్ లేని బండి తోలితే అది తోలడం కాదు, కూర్చోవడం" అన్నాను. ఆమె నవ్వింది. నేను పెద్ద జోకు వేశాననుకున్నాను.

ఆమెకు క్లచ్ రాదని నాకు గట్టి నమ్మకం. దానికి సాక్షిని నేనే. ఎనిమిదేళ్ళ కిందట, తర్వాత అమ్మేసిన మా పాత కారుతో ఆమెకు నేర్పబోయాను. మామిడి సీజను అయిపోయాక మార్కెట్ యార్డు ఖాళీగా ఉంటుంది, గోడకు కొట్టినా అడిగేవాడు లేడని అక్కడికి తీసుకుపోయాను. మొదటి రోజు బాగానే గడిచింది. రెండో రోజు మూడుసార్లు బండి ఆగిపోయింది. నాలుగోసారి నేను డ్యాష్‌బోర్డు మీద చేత్తో కొట్టి అరిచాను. ఏమని అరిచానో రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పే మనిషిని, నీకు బుర్ర ఉందా అన్నాను. టీ బంకు దగ్గరున్న హమాలీలు తలలు తిప్పి చూశారు. అది చూసి తగ్గాల్సింది పోయి ఇంకాస్త గట్టిగా అరిచాను.

ఆమె ఇంజన్ ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, తాళం నా ఒళ్ళో పెట్టి దిగింది. యార్డు గేటు దాటి ఇంటి దారి పట్టింది. నేను కారులో ఆమెను దాటుకుని పోయాను. ఆపలేదు. ఎక్కమని అడగలేదు. ఇంటికి పోయి కాళ్ళు కడుక్కుని టీవీ పెట్టుకున్నాను. అరగంట తర్వాత ఆమె వచ్చి ఏమీ జరగనట్టు ఉప్మాకు ఉల్లిపాయలు తరిగింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి మా ఇంట్లో డ్రైవింగు మాట లేదు. క్లచ్ ఆమె వల్ల కాలేదు, అందుకే వదిలేసింది అని నేను తేల్చుకున్నాను.

కారు బెంగళూరులో దొరికింది. మా వైపు ఎవరు పాత కారు కొనాలన్నా బెంగళూరే పోతారు. మా మెకానిక్‌ను వెంటేసుకుని పోయాను. ఆ పొద్దు ఆమెకు పరీక్షల డ్యూటీ పడింది, రాలేకపోయింది. అమ్మేవాడి షెడ్డులో ఒకే మోడలు కార్లు రెండున్నాయి. ఎర్రది గేర్ల బండి, బూడిద రంగుది ఆటోమేటిక్. వయసూ ఒకటే, ధర కూడా ఇంచుమించు ఒకటే. ఎంచుకోవడమే మిగిలింది.

ముందు ఆటోమేటిక్ నడిపాను. అబద్ధం ఎందుకు చెప్పాలి, బాగుంది. ఆ ట్రాఫిక్‌లో ఎడమ కాలికి పనే పడలేదు. స్టీరింగు వెనక రెండు మీటలున్నాయి, కావాలంటే వేలితో నొక్కి గేరు మార్చుకోవచ్చు. "ఇప్పుడు రేసుల్లో తిరిగే కార్లకు కూడా క్లచ్ పెడల్ ఉండదు సార్. మనిషి చెయ్యి కన్నా అదే తొందరగా మారుస్తుంది" అని అమ్మేవాడు చెప్పాడు. మా మెకానిక్ మాత్రం నన్ను పక్కకు లాగి, "సూడన్నా, ఇది చెడిపోతే మనూర్లో ముట్టుకునేవాడు లేడు. గేర్‌బాక్సు లారీకెక్కించి మళ్ళా ఈడికే తేవాల. నీ ఇష్టం" అన్నాడు.

తర్వాత ఎర్రది నడిపాను. గేరు రాడ్డు పొట్టిగా, అరచేతిలో ఇమిడిపోయేటట్టు ఉంది. రెండు నుంచి మూడుకు మార్చినప్పుడు టక్కున పడింది. బ్రేకు తొక్కుతూ, యాక్సిలరేటరు కాస్త తట్టి మళ్ళీ రెండుకు దించితే ఇంజను నాతో మాట్లాడినట్టే అనిపించింది. ఇరవై ఏళ్ళుగా క్లచ్ ప్లేట్లూ క్లచ్ కేబుళ్ళూ అమ్మిన నా చేతులకు ఆ బండి తెలిసినదానిలాగా తోచింది. సంతోషం వేసింది. ఇంతవరకు తప్పేమీ లేదు.

అప్పుడే ఆమె ఫోన్ చేసింది. "చూసినారా? ఆటోమేటిక్ ఉండాదా?"

రెండు కార్లూ నా ఎదురుగానే ఉన్నాయి. మెకానిక్ మాట ఉన్నదున్నట్టు చెబితే సరిపోయేది. నాకు గేర్ల బండి నచ్చిందని చెప్పినా సరిపోయేది. సరే అనేదో, వాదించేదో. గోటితో పోయేదాన్ని నేను గొడ్డలిదాకా తెచ్చుకున్నాను. "ఉండె, నిన్ననే ఎవరో తీసుకున్నారంట. గేర్లదే మిగిలింది" అన్నాను. అమ్మేవాడు నా ముఖంలోకి చూసి నవ్వాడు. మా మెకానిక్ నేల చూశాడు. అటువైపు ఆమె, "పోనీలెండి, నచ్చితే తీసుకోండి" అంది.

ఆ అబద్ధం ఎందుకు చెప్పానో చాలా రోజులు నాకు నేనే వేరే కారణాలు చెప్పుకున్నాను. రిపేరు అన్నాను, మైలేజీ అన్నాను. అసలు సంగతి ఒక్కటే. ఆ కారు తాళం ఆమె చేతికి పోవడం నాకు ఇష్టం లేదు. తన స్కూటరు మీద ఆమె నన్నెన్నోసార్లు ఎక్కించుకుపోయింది. స్కూలుకు పోతూ దారిలో నా మాత్రలు కొని షాపులో ఇచ్చిపోతుంది. అట్లాంటి మనిషికి ఒక పెడల్ అడ్డం పెట్టి, ఇది నా బండి అని చెప్పదలుచుకున్నాను. మొగుడి బుద్ధి.

ఇక నేను చేసిన తెలివితక్కువ పని. చిత్తూరు వాళ్ళం కొత్త బండి ఏది కొన్నా, పాతదే కొత్తగా కొన్నా, పూజకు కాణిపాకం పోతాం. ఆ వినాయకుడి ముందు అబద్ధం ప్రమాణం చేసినవాడు బాగుపడడని మా జిల్లాలో పసిపిల్లలకు కూడా తెలుసు. మా షాపులో ఈ మాట వారానికొకసారైనా వస్తుంది. విరిగిన పార్టు తెచ్చి, కొనేటప్పుడే ఇట్లుండె అనేవాణ్ణి, "కాణిపాకం పోదామా?" అంటాను. సగం మంది పార్టు జేబులో వేసుకుని వెళ్ళిపోతారు. ఇంట్లో అబద్ధం పెట్టుకుని అదే కాణిపాకానికి అదే కారును నేనే నడుపుకుంటూ పోయాను. దారంతా టాపు తెరిచి, పాటలు పెట్టి మరీ పోయాను.

ఆమె ఆ పొద్దు నెమలికంఠం రంగు పట్టుచీర కట్టుకుంది. కారుకు దండ వేసింది, బొట్లు తనే పెట్టింది. పూజారి నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెడుతున్నాడు. పక్కనే ఒక కుటుంబం తాగుడు మానతానని ప్రమాణం చేసి వచ్చిన మనిషిని మధ్యలో నిలబెట్టుకుని ఏడుస్తూ నవ్వుతూ ఉంది. వాళ్ళను చూసి ఆమె కూడా నవ్వింది.

"ఏమండీ, మా తమ్ముడు చెప్పినాడు. ఆ షెడ్డు వాళ్ళు ఫోన్లో పెట్టిన ప్రకటనలో బూడిద రంగు ఆటోమేటిక్ ఇంకా అమ్మకానికే ఉండాదంట."

"పాత ప్రకటన తీసేసి ఉండరు" అన్నాను.

"నేనూ అదే చెప్పినా వానికి. అయితే ఆ మాటే ఒకసారి గుడి దిక్కు తిరిగి చెప్పండి. ఊరికేలెండి, వాని నోరు ముయ్యించేదానికి."

నిజంగానే ఊరికే అడిగింది. ఆమె కళ్ళలో అనుమానం లేదు. నేను గుడి వైపు తిరిగాను. నోరు తెరిచాను. మాట రాలేదు. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. ఇంతకాలం పదిమందిని బెదిరించిన మాట నా మీదికే వచ్చిందని అప్పుడు నవ్వుకోవడానికి కూడా చేతకాలేదు. ఆమె నా ముఖం చూస్తూ ఉంది. ఆమె నవ్వు మెల్లగా పోవడం నేను చూశాను. అది చూడకుండా ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

"బండి తోలేది ఎవరప్పా? ముందుకు పోనీండి" అని పూజారి కేకేశాడు.

ఆమె చెయ్యి చాపింది. "తాళం ఇట్లియ్యండి."

"ఇది గేర్లది..." అన్నాను.

"తెలుసు. ఇయ్యండి."

ఇచ్చాను. ఆమె చెప్పులు విప్పి నా కాళ్ళ దగ్గర పడేసి, చీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకుని కూర్చుంది. సీటు ముందుకు లాక్కుంది. అద్దం సరిచేసుకుంది. నిమ్మకాయలు నాలుగూ ఒకేసారి చిట్లాయి. కారు ఒక్క కుదుపు లేకుండా ముందుకు పోయింది. పూజారి చెయ్యెత్తి దీవించాడు.

ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని పోయి పక్క సీట్లో కూర్చున్నాను, ఆమె బండిని చిత్తూరు రోడ్డు ఎక్కించింది. నేను ఆమె ఎడమ పాదాన్నే చూస్తూ కూర్చున్నాను. చెరకు ట్రాక్టరు అడ్డం వచ్చింది. మూడుకు దించు అని చెప్పబోయేసరికి ఆమె చెయ్యి అప్పటికే మూడుకు దించింది. ట్రాక్టరును దాటి, ఎదురుగా బస్సు రాకముందే నెమ్మదిగా ఎడమకు వచ్చింది. 

"ఎప్పుడు నేర్చుకున్నావు?" అని అడిగాను.

"మూడేండ్లయింది. స్కూలు వదిలినాక డ్రైవింగు స్కూలుకు పోయేదాన్ని. ఆడ ఉండేవన్నీ గేర్ల బండ్లే గదా. నేర్పించే ఆయప్పకు ఓర్పు ఎక్కువ. పది రోజుల్లో వచ్చేసింది."

"నాకు చెప్పలేదే?"

"చెప్తే పక్కన కూర్చుని చూస్తానంటారు."

"గేర్లు వచ్చినప్పుడు ఆటోమేటిక్ ఎందుకు అడిగినావు మరి?"

ఆమె బండిని రోడ్డు పక్కకు తీసి, మామిడి తోట కంచె దగ్గర ఆపింది. ఇంజన్ ఆపింది. గొంతులో కోపం లేదు. క్లాసులో వెనకబడిన పిల్లవాడికి రెండోసారి చెప్పినట్టే చెప్పింది.

"ఇద్దరే కూర్చునే బండి. నేను తోలేటప్పుడు పక్కన ఉండేది మీరే. గేర్లు లేకుంటే మీకు అరిచేదానికి ఏమీ ఉండదు, ఇద్దరం నగుతా మాట్లాడుకుంటా యాడికైనా పోవచ్చు అనుకున్నా."

దిగి చెప్పులు వేసుకుని నా వైపు వచ్చి నిలబడింది. నేను దిగి అటు పోయి స్టీరింగు ముందు కూర్చున్నాను. చిత్తూరు చేరేలోపు క్షమించమని అడగాలని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. అడగలేదు. నెల తర్వాత, ఈ బండి ఇచ్చేసి ఆటోమేటిక్ తెస్తానని మాత్రం అన్నాను. "ఎందుకండీ, ఇది బాగానే ఉండాది గదా" అంది. కారు ఇంటి ముందే ఉంటుంది, తాళం గోడకు ఆమె చేతికి అందేటట్టు తగిలించి పెట్టాను. ఆమె రోజూ దాని పక్కనుంచి స్కూటరు తాళం తీసుకుని పోతుంది.