నాదర్‌గుల్ గుండు, విరిగిన నా కుడిచెయ్యి

మా చిన్నప్పుడు... ఆదివారం చర్చి అయిపోగానే నాన్న మమ్మల్ని స్కూటర్ మీద నాదర్‌గుల్ విమానాల మైదానానికి తీసుకెళ్లేవాడు. అక్కడ విమానం నడపడం నేర్చుకునేవాళ్లు ఎగురుతూ దిగుతూ ఉంటే అమ్మ సద్దిగిన్నె విప్పేది. చెల్లి విమానాలకు చేతులూపేది. నేను మాత్రం పక్కనున్న పెద్ద రాతిగుండు ఎక్కేదాన్ని.

పదకొండేళ్లప్పుడు దాని మీది నుంచి జారిపడ్డాను. కుడిచెయ్యి విరిగింది. దవాఖానలో కట్టు కట్టించుకుని చైతన్యపురిలో మా కిరాయి ఇంటికి వచ్చేసరికి పెద్దమ్మ గడప దగ్గరే ఉంది.

"ఆడపిల్లకు గీ గుండ్లెక్కుడేంది? చెయ్యి వంకరైతే రేపు ఎవడు చేసుకుంటడు?" అని అమ్మను కడిగేసింది.

అమ్మ సద్దిగిన్నె తీసుకుని లోపలికి పోయింది. నాన్న తల వంచుకున్నాడు. నొప్పి కన్నా నాకు అదే ఎక్కువ బాధనిపించింది...

కట్టు విప్పిన వారం నాన్న మళ్లీ స్కూటర్ తీశాడు. నన్నొక్కదాన్నే ఎక్కించుకుని తిన్నగా ఆ గుండు దగ్గరే ఆపాడు. వెల్డింగ్ పని ఆయనది, ఎత్తులెక్కక తప్పదు. అయినా రెండో అంతస్తు దాటితే కళ్లు తిరుగుతాయి.

"ఎక్కు బిడ్డా. నేను కిందనే ఉన్న."

ఎక్కాను... పైనుంచి చూస్తే నాన్న రెండు చేతులూ చాచి నిలబడి ఉన్నాడు. నేను ఎటు జరిగితే అటే జరుగుతున్నాడు.

ఇంటర్ అయ్యాక మా వీధి పిల్లలందరూ కోచింగ్‌లకు పోతే, నేను పెళ్లిళ్లకు వీడియో తీయడానికి పోయాను. ఆ సంపాదనతోనే కొండలెక్కే శిక్షణకు వెళ్లాను. ఆ తర్వాత కొండలెక్కేవాళ్ల మీద సినిమాలు తీయడం మొదలుపెట్టాను. వేళ్లు కొంకర్లు పోయే చలిలో, బ్యాటరీలు చల్లబడకుండా చొక్కా లోపల దాచుకుని, వాళ్లకన్నా ముందే ఎక్కి, వాళ్లొచ్చే దారికి కెమెరా తిప్పాలి... అదీ నా ఉద్యోగం!

మొదటి సినిమా ఎల్బీనగర్‌లో ఒక చిన్న హాల్లో వేశాం. లైట్లు వెలిగాక పెద్దమ్మ లేచి నిలబడింది.

"అందరు కనవడ్డరు గని... నువ్వేడున్నవే? ఒక్కపారన్న కనవడలే!"

నలుగురూ నవ్వారు.

"నేను ఎక్కకపోతే వాళ్లు ఎక్కింది నీకెట్ల కనవడ్డది, పెద్దమ్మా?" అన్నాను.

అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది మా అమ్మ. పెద్దమ్మ కొట్టలేదు. ఇప్పటికీ కొట్టలేదు. ఫర్వాలేదు.

ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఎటు చూసినా ప్రతి చేతిలో కెమెరా ఉంది. ఆడపిల్ల దాన్ని పట్టుకుంటే ఎవరూ ఆగి చూడరు. కానీ "నీకెందుకే ఇదంతా" అనే మాట మాత్రం ఇంకా మన ఇళ్లల్లోనే కిరాయి లేకుండా ఉంటోంది...

మీకూ ఎవరో ఒకరు ఆ మాట చెప్పే ఉంటారు. వినకుండా మీరు చేసిన పనేంటో రాయండి. విని ఆగిపోయినవాళ్లూ రాయండి... మించిపోయింది ఏమీ లేదు.