చేతిలో పెట్టిన పాత బ్యాటరీ

తార్నాకలో నా రిపేరు షాపు మొదట రేడియోలది, తర్వాత టీవీలది, ఇప్పుడు సెల్‌ఫోన్లది. యూనివర్సిటీ పక్కనే యాభై ఏళ్లు బతికాను గానీ విద్యార్థిగా అందులో అడుగు పెట్టలేదు. రేడియో డబ్బాల్లో అతికించి ఉండే సర్క్యూటు బొమ్మలు చూసి పని నేర్చుకున్నాను, పొట్లాల కాగితాలు చదివి ఇంగ్లీషు నేర్చుకున్నాను. అందుకేనేమో, చదువుకునే పిల్లలంటే చాలాకాలం గౌరవం ఉండేది. ఇప్పుడది అరిగిపోయింది.

ఎందుకు అరగదు? ఫోన్‌ని చార్జింగ్‌లోనే ఉంచి గంటలకొద్దీ ఆటలాడతారు. అది కాలిపోతుంటే దిండు కింద తోస్తారు. ఏడాది తిరిగేసరికి బ్యాటరీ బూరెలా ఉబ్బుతుంది. ఆ రోజుల్లో ఒక్క రేడియో ఇంట్లో రెండు తరాలు పాడేది. వీళ్ల పాత ఫోన్లన్నీ ఎక్కడికి పోతున్నాయని అడిగితే నవ్వుతారు. ఎక్కడికి పోతాయి? మట్టిలోకే. ఆ మట్టి కింది నీళ్లే కదా రేపు మనం తోడుకునేది!

మొన్న వేసవిలో హాస్టల్ విద్యార్థి ఒకడు అలా ఉబ్బిన బ్యాటరీతో వచ్చాడు. కొత్తది వేశాను. మా కాలపు రిపేరువాళ్లకు ఒక పద్ధతి ఉంది: తీసిన పాత సామాను గిరాకీ చేతిలోనే పెట్టాలి. మోసం చేయలేదనడానికి అదే సాక్ష్యం. పాత బ్యాటరీ అతని చేతిలో పెట్టాను. జేబులో వేసుకొని, ఫోన్ చూసుకుంటూ వెళ్లిపోయాడు.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే, అతని హాస్టల్ ముందు ఊడ్చే ఆమె ఎండుటాకుల కుప్పకు నిప్పు పెట్టింది. కుప్పలో ఏదో పేలి, ఆమె కుడి చేయి మణికట్టు దాకా కాలింది. అది ఫోన్ బ్యాటరీ అని వాచ్‌మన్ చెప్పగానే నేను హాస్టల్‌కు నడిచి, బూడిదలో మిగిలిన ముక్క ఏరి, ఇది పడేసింది ఎవరని అడిగాను.

"తాతా, పోస్ట్‌మార్టం చేస్తవా ఏంది?" అన్నాడు వరండాలో ఒకడు, తల ఎత్తకుండానే. మిగతావాళ్లు నవ్వారు, వాళ్లూ తలలెత్తలేదు.

నా గిరాకీ మాత్రం నవ్వలేదు. "నేనే పడేసిన తాతా. ఆకులల్ల ఏమైతది అనుకున్న."

"ఏమైతదో చూద్దువు రా!" అని చెయ్యి పట్టుకొని, ఊడ్చే ఆమె ఉండే మాణికేశ్వర్ నగర్‌కు తీసుకుపోయాను. దారి పొడుగునా తిట్టాను. వాడి చదువును తిట్టాను, జేబులో మోగుతున్న ఫోన్‌ని తిట్టాను.

ఆమె గడపలో కూర్చొని ఉంది. కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుంది. వేళ్లు ముడుచుకోవడం లేదట. చీపురు పట్టలేకపోతే ఆ పనిలో ఇంకొకర్ని పెట్టుకుంటానని కాంట్రాక్టరు అప్పుడే చెప్పి పంపాడు.

"చదువుకున్నోనివి బిడ్డా, గా బ్యాటరీ పేలుతదని నీకు తెల్వదా?"

"నిజంగ తెల్వదమ్మా," అన్నాడు. "తాత గూడ చెప్పలే. తీసి నా చేతికిచ్చిండు, గంతే."

నాకు ఒళ్లు మండిపోయింది.

ఆమె మెల్లగా నా వైపు తిరిగింది.

"నీకు ఎరికేనా అన్నా?"

"ఎరికే," అన్నాను.