ఏలకుల వాసన వేసిన పద్యాలు

దివంగత కవి సూర్యప్రకాశం గారి అముద్రిత పద్యాలకు చీమలు పట్టాయి. మణిశంకర్ వాటిని డాబా మీద ఆరబెట్టి, భోంచేసి వచ్చేసరికి సీసపద్యం నిండా బారులు తీరి ఉన్నాయి. ఓపిగ్గా ఊదాడు. ఎత్తుగీతి దగ్గర ఒకటి కుట్టింది.

భార్య ఉమాశ్రీని అనడానికి లేదు. టీలో ముంచితే కాగితం పాతబడినట్టు కనిపిస్తుందని, పాలు పొయ్యకుండా గిన్నెడు కాచిమ్మన్నాడు. పంచదార వద్దనలేదు. మా పాలకొల్లులో పంచదార, ఏలకులు లేని టీ ఇస్తే వచ్చినవాణ్ణి పొమ్మన్నట్టే.

మణిశంకర్ పద్యాలు బాగానే రాస్తాడు. కానీ సభలో లేచి గొంతు సవరించుకుంటే జనం చెప్పులు వెతుక్కునేవారు. పుస్తకం అట్ట మీద ఒక్కసారి తన పేరు చూసుకోవాలని అతని ఆశ. సూర్యప్రకాశం గారి అచ్చుకాని పద్యాలు తెస్తే పుస్తకం వేస్తామనీ, తెచ్చినవారి పేరు అట్ట మీద ఉంటుందనీ వర్ధంతి సంఘం ప్రకటించింది. ఇంకేం, కూర్చుని రాసేశాడు. బళ్లో చదువుకున్నది సూర్యప్రకాశం మాస్టారి దగ్గరే కనక దస్తూరీ కూడా దిగిపోయింది. అయినా నీళ్లపాలలోనూ కాసిన్ని పాలుండాలి కదా. తన తల్లిదండ్రుల పెళ్లికి మాస్టారు రాసిచ్చిన పంచరత్నాలు ఇంట్లో ఫ్రేములో ఉన్నాయి. అందులో వధూవరుల పేర్లు లేని వెన్నెల పద్యాన్ని ఎత్తి వీటి మధ్య కలిపాడు.

వర్ధంతి సభలో చదివాడు. చప్పట్లే చప్పట్లు. సంఘం అధ్యక్షుడు వెంకటరాజు గారు శాలువా కప్పారు. మాస్టారి కూతురు అమ్మణ్ణి గారు వేదికెక్కి, కాగితాలు కళ్లకద్దుకోబోయి ఆగారు. ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"ఏలకుల టీ వాసనేంటి? మా నాన్నగారు జన్మలో టీ ముట్టలేదు!"

"పాత కాగితం కదండీ..."

"పాత కాగితం పెళుసుగా ఉంటుందండి. ఇది బూందీ లడ్డూలా వేళ్లకంటుకుంటోంది!"

ఇంతలో కాగితాల మడతలోంచి చీమ ఒకటి ఆవిడ చేతి మీదికి నడిచొచ్చింది. దాంతో సభ తేల్చేసింది.

"దొంగ సచ్చినోడు!"

"చదువు చెప్పిన గురువుకే పంగనామాలు పెట్టాడండీ!"

"పుస్తకం లేదు, గిస్తకం లేదు, దిగవయ్యా కిందికి!" అని వెంకటరాజు గారు తాను కప్పిన శాలువా తానే లాక్కుని మడతపెట్టుకున్నారు.

అమ్మణ్ణి గారి కోపం మాత్రం చల్లారలేదు.

"అసలివీ పద్యాలేనా? మిగతావైనా కాస్త నయం. ఆ వెన్నెల పద్యమొకటి! మా నాన్నగారు జ్వరంలో కూడా అంత నాసిగా రాయరు!"

మెట్లు దిగుతున్న మణిశంకర్ వెనక్కి తిరిగాడు.

"అదొక్కటీ మీ నాన్నగారిదేనండి."