పోటు దొంగ ఓడ, పోలమ్మ పడవ

నా పదవీ విరమణకు ఇంకా రెండేళ్లు ఉన్నాయనగా, ఏప్రిల్ మూడో వారంలో, ఒక నవలకు పన్నెండు బొమ్మలూ ఒక ముఖచిత్రమూ వేసే పని నాకు వచ్చింది. అప్పట్లో నేను అచ్యుతాపురంలోని ఒక కర్మాగారంలో, భద్రతా విభాగంలో ఆర్టిస్టుని. హోదా పేరు సీనియర్ ఆర్టిస్టు. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టు, నా కింద జూనియర్ ఆర్టిస్టంటూ ఎవరూ లేరు. హెల్మెట్ పెట్టుకోని తల ఏమవుతుందో, గ్లవ్స్ తొడుక్కోని చెయ్యి ఏమవుతుందో గోడల నిండా పోస్టర్లు గీయడమే నా ఉద్యోగం. నేను గీసినన్ని ప్రమాదాలు అక్కడ నిజంగా జరిగి ఉంటే నాకు జీతం ఇవ్వడానికి ఒక్కడూ మిగిలేవాడు కాదు.

బయటి పని చేయాలంటే అనుమతి కావాలి. మూడు కాపీల దరఖాస్తులో 'పని స్వభావం' అన్న గడిలో 'సముద్రపు దొంగ వగైరా బొమ్మలు వేయుట' అని రాశాను. సదరు దొంగకూ సంస్థకూ ఏమైనా సంబంధం ఉన్నదా అని ఆఫీసు నుంచి వివరణ అడిగారు. లేదని రాసిచ్చాక అనుమతి వచ్చింది.

రచయిత సూర్యనారాయణ మాస్టారు. గోపాలపట్నంలో మా వీధి చివరే ఇల్లు, హైస్కూల్లో సోషల్ చెప్పేవారు. తొమ్మిదేళ్లు కష్టపడి 'పోటు దొంగ' అనే నవల రాశారు. రెండు వేల ఏళ్ల కిందట మన తీరంలో కరాళుడు అనే ఓడదొంగ సముద్రపు పోటును దొంగిలించి ఒక గాదెలో దాచేస్తాడు. పోటు రాక పడవలన్నీ బురదలో కూరుకుపోతాయి. మంజరి అనే ఉప్పు అమ్ముకునే పిల్ల ఆ గాదె తలుపు తీస్తుంది. దాచిన పోటంతా ఒక్కసారిగా వచ్చి కరాళుడి ఓడను ముంచేస్తుంది. కథ ఇంతే, కాకపోతే నాలుగు వందల పేజీలు.

ఈ వృత్తి గురించి తెలియనివారి కోసం పద్ధతి చెబుతాను. ముందు రచన మొత్తం చదవాలి. తర్వాత ఒక్కో ఘట్టానికీ అగ్గిపెట్టెంత చిత్తు బొమ్మలు నాలుగైదు గీసి చూపాలి. రచయిత ఒకటి ఎంచుకున్నాక అసలు సైజులో పెన్సిల్ బొమ్మ, దానికి ఆమోదం వచ్చాక ఇంకు. ఇంకు పడ్డాక మార్పులుండవు. ఇది నియమం. మాస్టారు దీన్ని విద్యార్థుల చేత బట్టీ పట్టించే రకమే గాని తాను పాటించే రకం కాదు. పోటును గాదెలో దాచడం మీద ఆయనకు ఏ అభ్యంతరమూ లేదు. ఆ గాదె తలుపుకు నేను ఇనుప గొళ్లెం గీస్తే మాత్రం, ఆ కాలంలో చెక్క గొళ్లెమే ఉండేదని మూడు రోజులు నాతో మాట్లాడలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పైగా ఆ మూడు కాళ్లకూ ఆధారాలు చూపిస్తారు.

చిక్కు పన్నెండో బొమ్మతో వచ్చింది. ఓడ మునిగే బొమ్మ అది. అంత పాత ఓడను ఎవరూ చూడలేదు. పాత నాణెం మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉంటే, మాస్టారు దాని ఫోటో తెచ్చిచ్చారు. ఓడ ఆకారం అందులోంచి తీసుకున్నాను. కానీ అణా అంత బొమ్మలో ఓడ ముక్కు మీద అలంకరణ ఏం కనిపిస్తుంది? నేను చూడనిదాన్ని గీసే మనిషిని కాను. ఆ గొప్పే నా కొంప ముంచింది. ఓ ఆదివారం బస్సెక్కి భీమిలి పోయాను.

ఏప్రిల్ నడుమ నుంచి జూన్ నడుమ దాకా సముద్రంలో వేట నిషేధం. పడవలన్నీ ఇసుక మీదే ఉంటాయి, బొమ్మలు గీసేవాడికి అంతకన్నా ఏం కావాలి? ఒక ఫైబర్ పడవ నన్ను ఆకట్టుకుంది. ముక్కు మీద ఎర్రటి, పచ్చటి పట్టీలు, వాటి మధ్య ఎదురెదురుగా రెండు చేపలు. ఎడమ చేపకు తోక లేదు. వేసినవాడికి జాగా చాలలేదని చూడగానే తెలిసింది. నాకది భలే నచ్చింది. పట్టీలూ చేపలూ, లేని తోకతో సహా, యథాతథంగా దించుకుని వచ్చి కరాళుడి ఓడకు తగిలించాను. మాస్టారు ఆ బొమ్మ చూసి మొదటిసారి మారుమాట లేకుండా ఒప్పుకున్నారు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో, నిచ్చెన మీద నుంచి జారిపడే మనిషిని గీయమంటే, క్యాంటీన్‌లో నా ఎదురుగా కూర్చునే ఫిట్టర్ మీసాలు తెలియకుండానే ఆ మనిషికి పెట్టేశాను. పోస్టరు అంటించిన మర్నాటి నుంచి ఆ ఫిట్టరు వారం పాటు నిచ్చెన ఎక్కలేదు. అప్పటి చీఫ్ సేఫ్టీ ఆఫీసరు నాకు మెమో ఇచ్చారు. ప్రమాదాన్ని గీయి, మనవాణ్ణి గీయకు అన్నది దాని సారాంశం. ఆ మెమో నా సర్వీసు ఫైల్లో భద్రంగా ఉంది. నా బుర్రలోనే లేదు.

జూన్ మొదటి వారంలో పుస్తకం ప్రెస్సుకు వెళ్లే ముందు, మాస్టారు ఉత్సాహం ఆపుకోలేక ఓడ మునిగే బొమ్మతో పెద్ద ఫ్లెక్సీలు కొట్టించారు. 'త్వరలో విడుదల' అని రాయించి వాటిలో ఒకటి భీమిలి బస్టాండు దగ్గర కట్టించారు. నాలుగో రోజు పొద్దున్నే నేను పళ్లు తోముకుంటుండగా, ఫ్లెక్సీ మీదున్న మాస్టారి నంబరుకు ఫోన్ చేసి నా ఇల్లు కనుక్కున్న ఇద్దరు, ఒక ఆడమనిషీ ఒక మగమనిషీ, మా గుమ్మంలో నిలబడ్డారు. ఆమె పోలమ్మ, ఆ పడవ యజమాని. వెంట ఉన్నది తమ్ముడు ఎర్రయ్య, పడవ నడిపేది అతనే.

"ఏటి బాబూ, మా పడవ మీద నీకేటి పగ?" అంది పోలమ్మ. "నడి సంద్రంలో ములిగిపోయినట్టు గీసీసినావు. ఊరంతా సూసీసినారు."

అది రెండు వేల ఏళ్ల కిందటి ఓడ అని, దానికి రెండు తెరచాప కొయ్యలున్నాయని, మీ పడవకు అవి లేవని నేను నచ్చజెప్పబోయాను.

"కొయ్యల సంగతి నాకెందుకు? ఆ తోకనేని సేప ఈ బూమ్మీద మా పడవకే ఉంది. ఈడే ఏసినాడు," అని తమ్ముణ్ణి ముందుకు తోసింది. ఎర్రయ్య తల దించుకుని, "జాగా సాల్నేదు బాబూ," అన్నాడు. ఇద్దరం చిత్రకారులం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

సంగతి నవ్వులాట కాదని ఆమె రెండు ముక్కల్లో చెప్పింది. ఇంకో పది రోజుల్లో నిషేధం పోతుంది, వేట మొదలు. ఎర్రయ్య కాక పడవ మీద పనిచేసే నలుగురూ మునిగిపోయిన పడవ ఎక్కం అనేశారు. వాళ్లు వేరే పడవలు చూసుకుంటే మళ్లీ మనుషులు దొరకరు, ఈ ఏడాదంతా తన పడవ ఇసుక మీదే. నేను బ్రష్షు పక్కన పెట్టాను. తప్పు నాది. బుకాయించడానికి వీల్లేనంత నాది.

తెలివి చూపించబోయాను. ఫ్లెక్సీ మీదున్న చేపకు ఇప్పుడే వెళ్లి తోక గీసేస్తాను, అప్పుడది మీ పడవ కాకుండా పోతుంది అన్నాను.

"ములిగిపోనాక తోక ఎడితే తేల్తదేటి?" అంది పోలమ్మ.

ఫ్లెక్సీ ఆ రోజే తీయించాం. అయినా పోలమ్మ వాళ్ల ఊరి పెద్దలు మా క్షమాపణతో సరిపెట్టుకోలేదు. వాళ్ల తీర్పు సూటిగా ఉంది. ముంచినవాళ్లే తేల్చాలి. మునిగినట్టు రాసినాయనా, మునిగినట్టు గీసినాయనా ఇద్దరూ వేట మొదలైన రోజు అదే పడవలో వెళ్లి తిరిగి రావాలి. రెండోది, ఆ బొమ్మ పుస్తకంలో ఉండకూడదు. మొదటి షరతుకు నేను వణికాను. రెండో షరతుకు మాస్టారు వణికారు.

"ఆర్టిస్టు గారూ, ఓడ మునగకపోతే నా నవలలో ఏముందండీ? మూడు వందల తొంభై పేజీలు ఉప్పు బేరాలు!" అన్నారు. తొమ్మిదేళ్ల పని మరి, ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. వేరే ఓడ గీస్తానంటే వద్దన్నారు. ఏ ఓడ గీసినా ఎవడో ఒకడు నాదే అంటాడని ఆయన భయం. సోషల్ మాస్టారే అయినా ఆ విషయంలో లెక్క సరిగ్గానే వేశారు.

నిషేధం ముగిసిన మర్నాడు తెల్లవారుతుండగా పడవ ముక్కుకు పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. ఊరంతా ఒడ్డునే ఉంది. మొదట మమ్మల్నిద్దరినీ ఎక్కించారు. ఆ తర్వాతే ఆ నలుగురూ ఎక్కారు. పోలమ్మ చేతులు కట్టుకుని నిలబడి చూసింది.

నలభై ఏళ్లుగా సముద్రాన్ని గీస్తున్నవాణ్ణి, సముద్రం మీదికి వెళ్లడం అదే మొదలు. ఒడ్డు దగ్గర కెరటాలు దాటేలోపే పొద్దున తిన్న ఇడ్లీ సముద్రానికి సమర్పించుకున్నాను. తర్వాత ముందురోజు తిన్నది. కుడితిలో పడ్డ ఎలుకలా పడవ అంచు పట్టుకుని వేలాడుతుంటే, మాస్టారు మాత్రం మహారాజులా కూర్చుని, వలకు సీసం గుళ్లు ఎప్పటి నుంచి కడుతున్నారని ఎర్రయ్యను ప్రశ్నలు వేస్తున్నారు. రాసినవాడికి ఏమీ కాలేదు, గీసినవాడి పేగులు బయటికొచ్చాయి. మా వృత్తుల మధ్య తేడా ఇదేనని అప్పుడనిపించింది.

ఎర్రయ్య నా వీపు నిమిరి, "కొండకేసి సూడు బావా, తల తిరగడం తగ్గుద్ది," అన్నాడు. గుమ్మంలో బాబునైనవాణ్ణి, మూడు వాంతులకు బావనయ్యాను.

తలెత్తి భీమిలి ఊరి వెనకున్న పావురాలకొండ వైపు చూశాను. పడవ కెరటం మీదికి లేచినప్పుడు ఊరు, ఇసుక, కొండ అన్నీ ఉన్నాయి. పడవ కిందికి దిగినప్పుడు ముందు ఇసుక పోయింది, తర్వాత ఊరు పోయింది, కొండ కొస ఒక్కటే నీటి మీద మిగిలింది. మరుక్షణం అదీ పోయింది. చుట్టూ నీళ్ల గోడ.

"ఏటైపోనాది?" అన్నాను, నా నోట కూడా ఆ భాషే వచ్చింది.

"పడవకేటీ అవనేదు బావా. కొండ ములిగింది, అంతే. మళ్లీ తేల్తది," అని నవ్వాడు. ఇంజను చూసుకుంటూ, "ఏదో ఓ రోజు తేలదు. ఆ రోజు మనం ములిగినట్టు," అన్నాడు. మిగతా నలుగురూ వల పని చూసుకుంటూనే ఒకసారి కొండ వైపు చూశారు. నాకు వాంతి ఆగిపోయింది.

మధ్యాహ్నానికి వెనక్కి వచ్చాం. చేపలు ఒక మాదిరిగా పడ్డాయి. పడవ ఇసుక తాకగానే ఆ నలుగురూ రేపు ఎన్నింటికి అని ఎర్రయ్యను అడగడం నేను చెవులారా విన్నాను. పోలమ్మ బుట్టలు అందుకుంటూ నా వైపు చూసి, "మొకం కడుక్కో," అంది. అంతకు మించిన క్షమాభిక్ష నేను ఎరుగను.

ఆ వారమే పన్నెండో బొమ్మ మళ్లీ వేశాను. నియమం ప్రకారం ఇంకు పడ్డాక మార్పులుండవు, కానీ నియమాలు పెట్టినవాడు సముద్రం మీదికి వెళ్లి ఉండడు. కొత్త బొమ్మలో ఓడ లేదు, కరాళుడూ లేడు. పేజీలో ముప్పాతిక వంతు నల్లటి నీళ్లు, పైన కొంచెం ఆకాశం, ఆ రెంటి మధ్య గోరంత కొండ కొస. నవల ప్రకారం ఆ కొండ మీద బౌద్ధ భిక్షువులు పెట్టిన దీపం ఒకటి ఉండాలి కాబట్టి దాన్నీ పెట్టాను. మునిగేవాడికి ఆఖరున ఏం కనబడుతుందో అదే గీశాను. మాస్టారు బొమ్మను వెలుగులోకి తిప్పి చూశారు. ఓడ మునిగిందా అని అడిగారు. మునిగిందన్నాను. సరే అన్నారు. ఆధారాలు అడగలేదు.

పుస్తకం అచ్చయ్యాక ఒక కాపీ పట్టుకుని భీమిలి వెళ్లాను. ముందు పోలమ్మ తిప్పి చూసింది. తన పడవ ఎక్కడా లేదని నిర్ధారించుకుని తమ్ముడికిచ్చింది. ఎర్రయ్య కరాళుడి మీసాలు చూసి నవ్వాడు, గాదె గొళ్లెం బాగుందన్నాడు. పన్నెండో బొమ్మ దగ్గర ఆగాడు. నవ్వు పోయింది. పుస్తకం మూసి నా చేతిలో పెట్టేసి, "పడవ గీసినప్పుడే బాగుంది బావా," అన్నాడు.

వచ్చే నిషేధంలో పడవకు రంగులు వేసేటప్పుడు ఎడమ చేపకు నేనే తోక గీసిస్తానన్నాను. పోలమ్మ ఒప్పుకోలేదు. తోక లేకుండానే మునిగి తేలింది, ఇంక దాని జోలికి పోవద్దంది.

ఆ తర్వాత ఫ్యాక్టరీలో నిచ్చెన పోస్టరు మళ్లీ వేశాను. ఈసారి జారిపడే మనిషి లేడు. పై మెట్టు విరిగిన నిచ్చెన, దాని పక్కన విడిచిన జోళ్ల జత, అంతే. చీఫ్ సేఫ్టీ ఆఫీసరు నుంచి నా సర్వీసులో రెండో మెమో వచ్చింది. చిత్రంలో ప్రమాదం జరిగినట్టు కనిపించుట లేదు, వివరణ ఇవ్వవలెను. వివరణ ఇచ్చేలోగా పోస్టరు రెండు వారాలు గోడ మీదే ఉంది. ఆ రెండు వారాలూ నిచ్చెన ఎక్కబోయే ప్రతివాడూ ముందు తన జోళ్ల వైపు చూసుకోవడం, తర్వాత పై మెట్టు కేసి చూడడం నేను నా కిటికీలోంచి చూశాను. మనిషిని గీస్తే ఆ మీసాలున్నవాడొక్కడే భయపడతాడని, గీయకపోతే అందరూ చూసుకుని ఎక్కుతారని నాకు తెలిసిందప్పుడే. రెండు మెమోల కాపీలూ ఇప్పటికీ నా దగ్గరున్నాయి. మొదటిది మనిషిని గీసినందుకు, రెండోది గీయనందుకు. రెండోదాన్ని మాత్రం ఫ్రేము కట్టించుకున్నాను.