నలభై మందితో ఒక పాలపుంత

1949, మాఘమాసంలో ఒక శుక్రవారం. హాజరు: పెద్దసారు, పట్నం నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు దొర, గంట కొట్టే చప్రాసీ, నలభై మంది పిల్లలు, నేను.

ఆ రోజుల్లో నా డైరీలో ప్రతి పేజీ ఇలాగే మొదలయ్యేది. ముందు హాజరు, తర్వాతే ప్రపంచం. శేరిలింగంపల్లి బడిలో అప్పటికి నాది తాత్కాలిక కొలువు. ఇన్‌స్పెక్టరు ఎదుట ఒక పాఠం చెప్పి మెప్పిస్తే ఖాయం, లేకపోతే ఇంటికి. బుద్ధిగా వానలెలా పడతాయో చెప్పుకోక, ఒక పాత పత్రికలో చదివి నిద్ర పోగొట్టుకున్న సంగతి ఎంచుకున్నాను: ఆకాశంలో అంతులేని వాయుమేఘం తన బరువుకు తానే లోపలికి కుంగి పాలపుంత అవుతుందని, నక్షత్రాలై వెలుగుతుందని.

బండల మధ్య మైదానంలో పిల్లలను దూరదూరంగా నిలబెట్టి నియమాలు చదివాను. గంట మోగినప్పుడల్లా ఒక అడుగు. మంది ఎటు ఎక్కువుంటే అటు. దగ్గరయ్యేకొద్దీ అడుగు పెద్దది. (కింద ఎర్రసిరా గీతలు కూడా కొట్టాను.) "నేను నడుమల నిలబడి సూస్త పంతులూ," అన్నారు దొర.

మొదట్లో ఏమీ జరగలేదు. "ఏందిది, నిద్రల నడిచినట్టున్నరు," అన్నారు పెద్దసారు. తర్వాత పిల్లలు చిన్న చిన్న గుంపులు కట్టారు. గుంపును గుంపు లాక్కుంది, అడుగులు పరుగులయ్యాయి. ఎవరూ తోయకుండా, ఎవరూ పిలవకుండా అంతమందీ ఒక్కచోటికి కూలిపోతుంటే నా ఒళ్లు గగుర్పొడిచింది. నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాను. గుంపు లోపలి నుంచి "జర ఆపు పంతులూ" అని దొర గొంతు వినిపించాక గానీ, ఎప్పుడు ఆగాలో నియమమే రాయలేదని తట్టలేదు. చప్రాసీ నా ముఖం చూస్తూ గంట కొడుతూనే ఉన్నాడు.

దొర టోపీ లేకుండా, చెమటతో తడిసి బయటపడి, నేరుగా విడిదికి వెళ్లిపోయారు. "ఇగ పెట్టె సర్దుకో," అన్నారు పెద్దసారు. సర్దుకున్నాను. (సామాను పట్టీ రాసి మరీ.)

మర్నాడు పొద్దున రైలుకు పోయే ముందు దొర బడికి వచ్చారు.

"నడుమల ఉన్నోనికే ఎరుకైతది పంతులూ. అంతమంది మీద పడితే ఏం వేడి, ఏం వేడి. మబ్బు గూడ గంతేనా? నలిగి నలిగి, కాగి, సుక్కయితదా?"

"అవును దొరా," అన్నాను. (ఆ ముక్క నాకప్పటిదాకా తోచనే లేదు.)

నా కొలువు కాగితం మీద సంతకం చేసి పెద్దసారుకు ఇచ్చి, గంట తానే అందుకున్నారు. "ఇగ నువ్వు పో నడుమలకు."

"ఆపేదెప్పుడు దొరా?"

"నీకు ఎరుకైనంక."

గంట మోగేకొద్దీ నలభై మంది ఊపిరి నా మీదికి చేరింది. తలపైన గుండ్రంగా కొంచెం ఆకాశం మిగిలింది. ఆ ఉక్కలో, చొక్కా చిరుగుతున్నా పట్టించుకోకుండా, పైకి చూస్తూ నవ్విన ఆ కుర్ర పంతులంటే ఇప్పటికీ నాకు కొంచెం అసూయ.