గుడ్డ కప్పిన గ్యాస్ ట్యాప్

నా చిన్నప్పుడు కొన్నాళ్లు కనుబొమ్మలు లేకుండా బడికి పోయాను. ఇప్పుడు చెబితే మనవలు నవ్వుతారు. అప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు. ఎవడి వల్ల అవి పోయాయో వాడి నెత్తి కూడా అట్లాగే కాలితే కళ్లారా చూడాలని, అన్నం తింటున్నా పాఠం వింటున్నా అదే ఆలోచన.

మాది దుమ్ముగూడెం దాటి అడవిలోకి పోతే వచ్చే చిన్న గూడెం. అక్కడ పై చదువు లేదు. అందుకని మా నాయిన నన్ను గోదావరి పక్కన ఒక పెద్ద ఊళ్లో హాస్టల్లో ఉంచి, హైస్కూల్లో చేర్పించాడు. ఎవరో దాత కట్టించిన ప్రయోగశాల ఒకటి ఆ బడికి ఉండేది. గోడ బయట సిలిండరు, అక్కడి నుంచి ప్రతి బల్ల దగ్గరికీ ఒక గొట్టం, దానికో ట్యాపు, ట్యాపు నుంచి రబ్బరు ట్యూబు, చివర బర్నరు. ఆ నీలి మంట చూడటానికే నేను సైన్సు క్లాసు కోసం ఎదురుచూసేదాన్ని.

మా తరగతిలో ఒక మోతుబరి కొడుకు ఉండేవాడు. ఎప్పుడూ వాడే ఫస్టు. ఆ ఏడు ఆరు నెలల పరీక్షల్లో నాకు వాడి కంటే ఎక్కువ మార్కులొచ్చాయి. అంతే, ఇంకేం లేదు. గూడెం పిల్ల తనకంటే పైన ఉండటం వాడు ఓర్చుకోలేకపోయాడు.

మా సైన్సు టీచరమ్మ సెలవులో ఉన్న ఒక రోజు ఇంకో సారు మాతో ప్రయోగం చేయించాడు. బయట రేకుల మీద వాన దంచుతోంది. గదిలో ముందు చేసిన ప్రయోగం తాలూకు కుళ్లిన గుడ్ల కంపు ఇంకా పోలేదు, అందులో ఇంకే వాసనా తెలియడం లేదు. నేను అగ్గిపెట్టె తెచ్చుకోవడానికి సారు బల్ల దగ్గరికి పోయి వచ్చాను. పుల్ల గీశాను. అది బర్నరు దాకా పోనేలేదు, నా ముఖం ముందే గాలి భగ్గున అంటుకుంది. కనుబొమ్మలు, ముందు వెంట్రుకలు మాడిపోయాయి. కుడి చెయ్యి బొబ్బలెక్కింది. దవాఖానాలో కట్టు కట్టించుకుని వచ్చేసరికి అందరికీ ఒక కథ తెలిసిపోయింది. నా జడ మంట మీద పడిందట, అందుకే కాలిందట. పక్క బల్ల దగ్గరున్న మోతుబరి కొడుకు కళ్లారా చూశాడట.

పెద్ద సారు మా నాయినను పిలిపించాడు. "ఈ పిల్లకు నిప్పుతోటి పని తెల్వదు. రేపు బడి తగలబెడితే ఎవరు జవాబు చెప్తరు? తీస్కపో" అన్నాడు. మా నాయిన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అట్లా నిలబడిన మా నాయినను నేను అంతకుముందు చూడలేదు. నా చేతి మంట కంటే అదే ఎక్కువ మండింది.

మరునాడు సెలవు నుంచి టీచరమ్మ వచ్చింది. మధిర వైపు మనిషి, మాట మెత్తగా ఉండేది. ఆమె నన్ను ఓదార్చలేదు, తిట్టలేదు. నా జడ చేతిలోకి తీసుకుని కొస దాకా చూసింది. ఒక్క వెంట్రుక కూడా కాలలేదు. పుల్ల ఎక్కడ గీశావు, ఎంత దూరంలో మండింది, ట్యాపు ముట్టుకున్నావా అని అడిగింది. ముట్టుకోలేదన్నాను. ఆమె ముఖం నల్లబడింది. "పెద్ద సార్‌తో నేను మాట్లాడతాను. మీ నాన్నను ఇవ్వాళ్టికి ఇక్కడే ఉండమను. ఈ సంగతి ఎవరికీ చెప్పకు" అంది.

ఆ మధ్యాహ్నం మా తరగతినంతా ప్రయోగశాలలో నిలబెట్టింది. పెద్ద సారును కుర్చీలో కూర్చోబెట్టింది. మా నాయిన గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నా బల్ల మీద బర్నరు ఉంది. ట్యాపు మీద మాత్రం ఒక మందపాటి గుడ్డ కప్పి ఉంది. టీచరమ్మ మోతుబరి కొడుకును పిలిచి, చేతిలో అగ్గిపెట్టె పెట్టింది.

"ఆ అమ్మాయి జడ పడి కాలిందన్నావు కదా. నీకు జడ లేదు. బల్ల ఆ రోజు ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది. ముట్టించు."

వాడు గుడ్డ వైపు చూశాడు. అగ్గిపెట్టె చేతిలోనే ఉండిపోయింది.

"భయమెందుకు? పుల్ల గియ్యి."

"వద్దు టీచర్."

"ఎందుకొద్దు?"

"ట్యాప్ తెరిచి ఉంటది కదా టీచర్, గ్యాస్ నిండి ఉంటది."

టీచరమ్మ మెల్లగా అడిగింది. "ఆ రోజు ట్యాప్ తెరిచి ఉందని నీకెవరు చెప్పారు? ఆ అమ్మాయికే తెలియదే."

వాడు ఏడుపు మొదలుపెట్టాడు. నవ్వులాటకు ట్యాపు తిప్పానని, ఇంత అవుతుందనుకోలేదని అన్నాడు. పెద్ద సారు తల దించుకున్నాడు, నన్ను తీసుకుపొమ్మన్న మాట మళ్లీ ఎత్తలేదు. అప్పుడు టీచరమ్మ గుడ్డ తీసింది. ట్యాపు మూసే ఉంది. బయట సిలిండరు కూడా కట్టేసే ఉందట. నాకు ప్రాణం ఉసూరుమంది. అది నిజంగా తెరిచి ఉంటే, వాడు నిజంగా పుల్ల గీసి ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను.

టీచరమ్మకు నా మనసు తెలిసినట్టుంది. సిలిండరు తిప్పించి వచ్చి, నన్ను వాడి ఎదురుగా నిలబెట్టింది. "బర్నర్ ఎలా ముట్టించాలో వీడికి నువ్వు చెప్పు. తప్పు చేస్తే మళ్లీ మొదటి నుంచి చేయించు" అంది.

నేను వదల్లేదు. రబ్బరు ట్యూబు పగిలిందేమో మొత్తం తడిమి చూడమన్నాను. సగం చూసి వదిలేస్తే ఆపాను. వేలాడుతున్న చొక్కా చేతులు మడిచి పెట్టుకోమన్నాను. పుస్తకాలు దూరంగా జరపమన్నాను. బర్నరు కింద గాలి రంధ్రం మూయడం మర్చిపోతే మళ్లీ ట్యూబు దగ్గరికి పంపాను. ముందు పుల్ల వెలిగించి, ఆ తర్వాతే ట్యాపు మెల్లగా తిప్పమన్నాను. ముఖం ముందుకు వంచాడు, మళ్లీ మొదటికి. పుల్ల మధ్యలో ఆరిపోయింది, ట్యాపు కట్టేయించి మళ్లీ మొదటికి. చివరికి పసుపు మంట లేచింది. గాలి రంధ్రం తెరిచాక నీలంగా మారింది. అప్పుడు ట్యాపు కట్టేసి ఇంకోసారి చెయ్యమన్నాను. వాడి చొక్కా చెమటతో తడిసిపోయింది. టీచరమ్మ ఒక్కసారి కూడా చాలనలేదు. గుమ్మం దగ్గర మా నాయిన కట్టుకున్న చేతులు విప్పాడు.

అంతా అయ్యాక, ట్యాపు ఎందుకు తెరిచి పెట్టలేదని టీచరమ్మను అడిగాను. "గ్యాస్‌కి వాడెవడో నువ్వెవరో తెలియదమ్మా. ఒకసారి వదిలితే పక్క బల్ల పిల్ల కూడా కాలుతుంది" అంది.

ఆమె ఉంటున్నది మోతుబరి ఇంట్లోనే, కిరాయికి. ఆ వారంలోనే ఖాళీ చెయ్యమన్నారు. హాస్టలు వెనక ఒక చిన్న గదిలోకి మారింది. నా వల్లే కదా అని నేను ఏడిస్తే, "నీ వల్ల కాదు, వాళ్ల వల్ల. ఆ రోజు నాకు మాత్రం హాయిగా నిద్రపట్టింది" అంది. అంత మెత్తటి మనిషిలో అంత కోపం ఉందని నాకు అప్పుడే తెలిసింది.

మొన్నామధ్య కల్లూరులో ఒక పెళ్లిలో వాడు కనిపించాడు. జుట్టంతా నెరిసింది. పక్కన కూర్చుని, "చిన్నతనం కదా, మనసులో పెట్టుకోకు" అన్నాడు.

"పెట్టుకున్న" అన్నాను.

వాడు లేచిపోయాడు. క్షమించమని ఆ రోజు నాకు ఎవరూ నేర్పలేదు, నేనూ నేర్చుకోలేదు. నిజం బయటికి లాగేదాకా వదలొద్దని, లాగేటప్పుడు ఎవరి ఒళ్లూ కాలకూడదని మాత్రం మా టీచరమ్మ నేర్పింది. ఈ వయసులోనూ నా కోపం ఆ హద్దులోనే బతుకుతోంది. చల్లారలేదు, ఎవరినీ కాల్చలేదు.